మామ్మ దేవుడికి పెట్టిన కాఫీ

ఆ రోజుల్లో మా ఇంట్లో లోటు లేని వస్తువు ఏదైనా ఉందంటే అది భయమే. నాన్నగారికి ఇన్‌స్పెక్షన్ అంటే భయం, మామ్మకు మైల అంటే భయం, నాకు వాళ్ళిద్దరన్నా భయమే, వాళ్ళు భయపడేవన్నా భయమే. (మేనత్త కూతురు విడిచిన గౌన్లు నాకొచ్చినట్టే, పెద్దవాళ్ళ భయాలు కూడా కాస్త వదులుగా నాకే వచ్చేవి.) ఇప్పుడు పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, స్టీలు గ్లాసులో కాఫీ పోసుకుని వరండాలో కూచుంటే, పదమూడేళ్ళప్పుడు ఈ గ్లాసెడు కాఫీ కోసం నేను పడ్డ హడలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నవ్వుతోపాటు చేతులు కాస్త చల్లబడతాయి కూడా. అబద్ధమెందుకు.

డెబ్బైల నాటి మాట. నర్సీపట్నంలో చింతపల్లి కొండకెళ్ళే బస్సులు హారన్ కొట్టి మలుపు తిరిగే చోట మా ఇల్లు. నాన్నగారు సర్కారు బడిలో మాస్టారు. నేను మాత్రం బడి మొహం సరిగ్గా చూడలేదు. ఎనిమిదో ఏట టైఫాయిడ్ వచ్చి, ఇంక లేదనుకున్న పిల్లని లేచి కూచున్నానట. "దేవుడు తిరిగిచ్చిన పిల్ల. మళ్ళీ ఎండన పడెయ్యను" అని మామ్మ గుమ్మంలో అడ్డం కూచుంది. ఊరి పిల్లలందరికీ పాఠాలు చెప్పే మనిషి సొంత కూతుర్ని బడికి పంపడం లేదని వీధిలో నవ్వుకున్నారు. నాన్నగారు నొచ్చుకోలేదు. సాయంత్రం బడినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని నాకు చదువు చెప్పేవారు. నాకు అబ్బిన నాలుగు ముక్కలూ ఆ గ్లాసులోంచి లేచిన ఆవిరిలో నేర్చుకున్నవే. ఆయన ఓపికకీ, ఆ ఓపిక ఇచ్చిన భగవంతుడికీ ఈ జన్మంతా రుణపడే ఉంటాను.

అయితే ఆ గ్లాసు నాకు అందేది కాదు. పెళ్ళికాని ఆడపిల్ల కాఫీ తాగితే నల్లబడిపోతుందని మామ్మ శాసనం. ఆవిడ మాత్రం రోజుకు నాలుగుసార్లు తాగి పండు తమలపాకులా ఉండేది. ఏకాదశి నాడు మంచినీళ్ళు ముట్టని మనిషి, కాఫీ ముట్టేది. అదేమని అడిగితే, "ఉపవాసంలో ఏవి తినకూడదో శాస్త్రంలో రాశారే. కాఫీ పేరు అందులో లేదు" అనేది. (శాస్త్రం రాసిన నాటికి కాఫీ లేదు కదా అని నాన్నగారు ఓసారి అన్నారు. ఆ పూట ఆయనకి కాఫీ లేదు.) నేను ఏం చేసేదాన్నంటే, మామ్మ ఫిల్టరు కడగడానికి ఇస్తే పెరట్లోకి పోయి, అడుగున మిగిలిన పిప్పిని ముక్కు దగ్గర పెట్టుకుని కూచునేదాన్ని. గులాబి మొక్క మొదట్లో వెయ్యమనేది ఆ పిప్పిని. నా పీల్పులన్నీ అయ్యాకే దానికి దక్కేది.

ఒక సాయంత్రం నాన్నగారు కాఫీ పుట్టుక చెప్పారు. ఎక్కడో అబిసీనియా దేశంలో మేకలు ఎర్రటి పళ్ళు తిని తెల్లార్లూ గంతులేశాయట. కాపరి అది చూసి తనూ రెండు నమిలి, తనూ గంతులేశాడట. వంటింట్లోంచి మామ్మ గొంతు వినబడింది.

"మేకలు తిన్నవి మనం తాగడమేటిరా?"

"అవి తిన్నవి కాదమ్మా. అలాంటివే, వేరేవి."

"అలా చెప్పు" అని మామ్మ మళ్ళీ పోపులో పడిపోయింది.

అరబ్బు దేశంలో పచ్చి గింజని పొలిమేర దాటనిచ్చేవారు కాదనీ, మొలకెత్తే గింజ బయటికి పోతే తమ వ్యాపారం పోతుందని కాపలాలు పెట్టేవారనీ, ఒక ఫకీరు మాత్రం ఏడే ఏడు గింజలు ఒంటికి కట్టుకుని సముద్రం దాటి మైసూరు కొండలమీద నాటాడనీ చెప్పారు నాన్నగారు.

"పట్టుబడుంటేనో?" అన్నాను.

"తల తీసేవారేమో."

"మన చింతపల్లి కొండలమీద కూడా కాఫీ ఉందన్నారు కదా. అవెవరివి?"

"ప్రభుత్వానివి. గింజ కూడా లెక్కే" అన్నారాయన, పాఠం ముగించి గ్లాసు ఖాళీ చేస్తూ. ఆ రెండు జవాబులూ నా బుర్రలో పక్కపక్కన కూచున్నాయి. ఆయనకేం తెలుసు పాపం.

ఆ చలికాలం అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నేనూ, మామ్మా, నాన్నగారూ. సరిగ్గా అప్పుడే బజారులో కాఫీపొడి నిండుకుంది. అనకాపల్లి నుంచి సరుకు రాలేదని కొట్టువాడు చేతులెత్తేశాడు. మూడోనాటికి మామ్మ తలకి తడిగుడ్డ కట్టుకుని, మూలుగుకీ మూలుగుకీ మధ్య గోవిందనామాలు చెప్పుకుంటూ పడుకుంది. నాకు జాలేసింది. (జాలి ముప్పావువంతు. మిగతా పావువంతు ఏమిటో మీకు తెలుసు.)

సంత రోజున కొండమీంచి బస్సు దిగి ఒకామె మా పెరటి గుమ్మానికి వచ్చేది. విస్తళ్ళకి అడ్డాకులు, కుంకుళ్ళు, చింతపండు, తేనె తెచ్చేది. నేను ఆమెని అడ్డాకుల అప్ప అనేదాన్ని.

"అప్పా, మీ కొండమీద కాఫీ గింజలుంటాయట కదా. గుప్పెడు తేగలవా? మామ్మకి తలనొప్పి" అన్నాను.

"ఆ సేదు గింజలా? మాకేటి పని ఆటితోటి" అంది. మళ్ళీ కాసేపు ఆలోచించి, "ఫారెస్టోల్లు ఆకు తెంపినా కళ్ళెర్ర సేత్తారు పాపా. సెట్టు మీద సెయ్యెయ్యను. బండలమీద పడుంటాయి, అవి ఏరి తెత్తాను. ఆవకాయ పెడతావా?"

"పెడతాను."

"ముక్కలున్నది పెట్టు. ఊట పోసి పంపీయకు" అంది.

మరుసటి వారం, గుప్పెడు అడిగితే మానెడు, అడ్డాకులో పొట్లం కట్టి తెచ్చింది. విప్పి చూస్తే గింజలు విడివిడిగా లేవు, ఒకదానికొకటి అంటుకుని ఉండలు ఉండలుగా ఉన్నాయి. మామ్మ కళ్ళు చికిలించి చూసి, "ఇదేటే, వేరుశనగుండల్లా ఉన్నాయి. పాకం పట్టారేటి?" అంది.

"అలాగే దొరుకుతాయమ్మగోరూ" అంది అప్ప. ఆవకాయ గిన్నె కొంగుచాటున పెట్టుకుని గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "ఎవులికీ సెప్పకండేం. ఫారెస్టోల్లు ఇంటే నా పని అయిపోద్ది" అనేసి వెళ్ళిపోయింది. నా భయానికి ఆ మాటతో తొలి ముడి పడింది.

బయటివాళ్ళు ముట్టుకున్న ఏ గింజైనా సరే, మా మామ్మ చేతిలో పసుపునీళ్ళ స్నానం చెయ్యందే వంటింట్లోకి రాదు. ఆ ఉండల్ని ఒక పూటంతా పసుపునీళ్ళలో నానబెట్టి, చేత్తో నలిపి నలిపి విడదీసి, మూడుసార్లు కడిగి, మడిబట్ట మీద ఆరబెట్టి, ఆ తరవాత చేటలో పోసి వీధి అరుగుమీద ఎండకు పెట్టింది. గింజలు పసుపు రంగు తేలి, పెళ్ళిలో అక్షింతల్లా మెరిసిపోతున్నాయి. నేను పక్కన కూచుని కాకుల్ని తోలుతున్నాను.

అప్పుడొచ్చారు నాన్నగారు, వెంట ఒక ఖాకీ బట్టల మనిషితో. మా ముందు వాటా రెండు గదులూ ఖాళీగా ఉన్నాయి, అద్దెకి చూపించడానికి తీసుకొచ్చారు.

"అమ్మా, ఈయన కొత్తగా వచ్చిన ఫారెస్టు రేంజరు గారు."

చేట మీదకి వంగిపోయి రెండు చేతులూ చాపాను, కాకుల్నించి కాపాడుతున్నట్టు. రేంజరు గారు ఆ పచ్చటి గింజల్ని చూసి, "ఏమిటి మామ్మగారూ ఇవి?" అన్నారు.

"దేవుడికి నాయనా" అంది మామ్మ, రెప్ప ఆర్పకుండా.

"మంచిదండి" అని ఆయన చెప్పులు చేటకి దూరంగా విడిచి లోపలికి నడిచారు. గదులు నచ్చాయి. రెండురోజుల్లో సామాను దిగిపోయింది. ఏ మనిషి వింటే అప్ప పని అయిపోతుందో, ఆ మనిషికీ మా వంటింటికీ మధ్య ఒకటే గోడ మిగిలింది.

"మామ్మా, అబద్ధం చెప్పావు కదా" అన్నాను ఆ సాయంత్రం.

"అబద్ధమెందుకవుతుంది? దేవుడికన్నాను, దేవుడికే పెడతాను."

"కాఫీయా?"

"పాలు పెట్టడం లేదూ? పంచదార పెట్టడం లేదూ? మధ్యలో కాస్త నలుపు. ఆయనా నల్లనివాడే" అంది.

అలా మా ఇంట్లో స్వామికి కాఫీ నైవేద్యం మొదలైంది. మామ్మ ఆ గింజల్ని రోట్లో దంచి, పొట్టు చెరిగి, ఇనప మూకుడులో వేయించి, తిరగట్లో విసిరింది. డికాక్షన్ కాస్త మట్టివాసన, కాస్త బెల్లం వాసన, ఇంకా ఏదో పేరు తెలియని అడవి వాసన వేసింది. పాలూ పంచదారా కలిపి, ఇత్తడి గ్లాసుతో వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి, నీళ్ళు తిప్పి, కళ్ళు మూసుకుంది. తరవాత నాకేసి తిరిగి, "చెయ్యి పట్టవే" అని ఉద్ధరిణెతో నా అరచేతిలో పోసింది.

"నల్లబడిపోతానేమో" అన్నాను, చెయ్యి మాత్రం వెనక్కి తియ్యకుండా.

"ప్రసాదానికి ఆ దోషం లేదు."

నా జీవితంలో మొదటి కాఫీ అది. మూడు ఉద్ధరిణెలు. తాగి, తడిచెయ్యి తలకి రాసుకున్నాను, తీర్థం తీసుకున్నట్టే. ఆ పూట జుట్టంతా కాఫీ వాసన. ఆ రుచి గురించి చెప్పాలంటే నాకు మాటలు చాలవు. పటంలో స్వామికి కూడా నచ్చే ఉంటుందని గట్టిగా అనిపించింది. ఆ నిమిషానికి భయం ఎటో పోయింది. మరు నిమిషం గోడవతల రేంజరు గారు దగ్గారు, వెంటనే తిరిగొచ్చింది.

గింజలు వేయిస్తే వచ్చే వాసన ఏ గోడకీ ఆగదు. వేయించిన ప్రతిసారీ మామ్మ పక్క పొయ్యిమీద ఇంగువ పోపు పెట్టేది. పప్పులో ఇంగువ, చారులో ఇంగువ, చివరికి మజ్జిగలో కూడా ఇంగువే. బజారులో పొడి వచ్చిందనే నాన్నగారు అనుకుంటున్నారు. "ఏమిటమ్మా, ఈమధ్య ఇల్లంతా పులిహోర వండే గుడిలా ఉంది" అన్నారోరోజు. నేను తల వంచుకుని ఎక్కం అప్పజెప్పాను. పన్నెండో ఎక్కంలో మూడు చోట్ల తప్పాను.

అంతలో ఒక ఆదివారం ఆయన చల్లగా వెళ్ళి రేంజరు గారిని పిలుచుకొచ్చారు. "మా అమ్మ చేతి కాఫీ తాగి చూడండి సార్. ఈమధ్య అద్భుతంగా ఉంటోంది."

రేంజరు గారు ఒక గుక్క తాగి ఆగారు. ఇంకో గుక్క తాగి గ్లాసులోకి చూశారు. "ఈ పొడి ఎక్కడిదండీ?"

"మా అమ్మాయిని అడగాలి. బజారు పనులు ఆవిడే చూస్తుంటుంది" అన్నారు నాన్నగారు నవ్వుతూ.

ఇద్దరూ నాకేసి చూశారు. "ప్రసాదమండి" అన్నాను. అది అబద్ధం కాదు. అడిగినదానికి జవాబూ కాదు. రేంజరు గారు భక్తిగా గ్లాసు కళ్ళకద్దుకుని మిగతాది తాగేశారు. నేను పెరట్లోకి పరుగెత్తి బావి గట్టుమీద కూలబడ్డాను.

అసలు పిడుగు ఆ మర్నాడు సాయంత్రం భోజనాల దగ్గర పడింది. నాన్నగారు అన్నం కలుపుకుంటూ తీరిగ్గా చెప్పారు. "చెక్‌పోస్టు దగ్గర లారీలో దొంగ కాఫీ బస్తాలు పట్టుకున్నారటమ్మా, రేంజరు గారు చెప్పారు. అందులో ఒక గవర్నమెంటు ఉద్యోగి కూడా ఉన్నాడట. సస్పెండ్ చేసి లోపల వేశారట."

"పాపం, పిల్లలున్నారో ఏటో" అంది మామ్మ.

ఆ మనిషి సంగతి నాకెందుకు. నా ఎదురుగా పీటమీద ఒక గవర్నమెంటు ఉద్యోగి కూచుని, ఏమీ తెలియకుండా, ఇంగువ చారు పోసుకుంటున్నాడు. గింజ కూడా లెక్కే అన్నది ఆయనే. మనవి బస్తాలు కావు, మానెడు గింజలే. అయినా ఆయన ఇంట్లో దొరికితే ఆయనవే అవుతాయి. ఆయన్ని ఖాకీ బట్టలవాళ్ళు తీసుకుపోతున్నట్టూ, పుట్టింట్లో పురుటి మంచం మీద అమ్మకి ఉత్తరం అందినట్టూ, బడిలో ఆయన కుర్చీలో ఎవరో కూచున్నట్టూ కళ్ళకు కట్టింది.

మర్నాడు మిగిలిన గింజల్ని వదిలించుకోవాలని చూశాను. ఇంకా సోలెడు ఉన్నాయి. బావిలో పడేద్దామంటే నీళ్ళు డికాక్షన్ అయిపోతాయేమోనని భయం. పెరట్లో పాతిపెడదామంటే, మొలకెత్తి, చెట్లై, కాసి, సాక్ష్యం చెబుతాయని భయం. (ఫకీరు ఏడు గింజలకే ఒక దేశమంతా తోటలయ్యాయి. నా దగ్గర సోలెడున్నాయి.) ఉపమాక వెంకన్నకి కొబ్బరికాయ మొక్కుకున్నాను. మొక్కుకుంటుండగానే, కాయ కొడితే తప్పు ఒప్పవుతుందా అని ఇంకో భయం. చెబితే అప్పని పట్టుకుంటారు, చెప్పకపోతే నాన్నగారిని పట్టుకుంటారు. రెండురోజులు అన్నం సయించలేదు. మామ్మ దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదని ఇంకా కంగారు పడింది.

మూడోరోజు పొద్దున్న లేచి, దేవుడి ముందు నిలబడి, నాన్నగారిని నువ్వే చూసుకో అని చెప్పి, గింజల్ని గుడ్డలో మూటగట్టి బయల్దేరాను. మా పెరటి వరండా నుంచి ముందు వాటా గుమ్మానికి పన్నెండు అడుగులు. లెక్కపెట్టుకుంటూ వేశాను కాబట్టి ఇప్పటికీ గుర్తు. ఏడో అడుగు దగ్గర వెనక్కి తిరిగి పోదామనిపించింది. ఫకీరు ఏడు గింజలు గుర్తొచ్చి ఎనిమిదోది వేశాను.

రేంజరు గారు అరుగుమీద గడ్డం గీసుకుంటున్నారు, సగం మొహం నురగతో. ఆయన భార్య, నేను పిన్నిగారు అనే ఆవిడ, గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"ఏమ్మా, ఏమిటీ మూట?"

"నన్ను లోపల వెయ్యండి" అన్నాను.

ఆయన కత్తి ఆగిపోయింది.

"మా నాన్నగారికి ఏమీ తెలియదండి. మామ్మ తలనొప్పికి నేనే తెప్పించాను. ఎవరు తెచ్చారో మాత్రం అడక్కండి, చెప్పను. చెట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు, బండలమీద ఉన్నవే ఏరారు. ఒట్టు." ఇంక ఏడుపు ఆగలేదు.

పిన్నిగారు చేట పక్కనపెట్టి వచ్చి నా భుజం పట్టుకుంది. రేంజరు గారు మూట విప్పి, పసుపు గింజ ఒకటి తీసి గోరుతో గీకి, వాసన చూశారు.

"బండలమీదా?" అన్నారు. "విడివిడిగా ఉన్నాయా, అతుక్కుని ఉండల్లా ఉన్నాయా?"

"ఉండల్లానేనండి. పాకం పట్టినట్టు. మామ్మ పసుపునీళ్ళలో నానబెట్టి విడదీసింది."

ఆయన కత్తి కింద పెట్టేశారు. భుజాలు ఊగుతున్నాయి, నురగ చెదిరి బనీను మీద పడింది. నవ్వుతున్నారని తెలియడానికి నాకు కాస్త టైము పట్టింది.

"ఓసి పిచ్చితల్లీ, వీటికి కేసు పెట్టాలంటే పునుగుపిల్లి మీద పెట్టాలి. అది చెట్టెక్కి మాంఛి పళ్ళు ఏరి ఏరి తింటుంది. గుజ్జు అరుగుతుంది గానీ గింజ అరగదు. తెల్లారేసరికి బండమీద కూచుని..." పిన్నిగారికేసి చూసి, మాట మార్చారు. "బండమీద పెట్టేసి పోతుంది. వాటిని ఏరుకుంటే ఎవరూ ఏమీ అనరమ్మా. మీ నాన్నగారికీ భయం లేదు, తెచ్చినవాళ్ళకీ భయం లేదు" అని మూట మళ్ళీ కట్టి నా చేతిలో పెట్టేశారు.

గుండెల మీంచి రోలు దింపినట్టయింది. అక్కడే చేతులు జోడించాను, ఆయనకో స్వామికో నాకే తెలియదు. తల ఎత్తేసరికి రేంజరు గారి నవ్వు ఆగిపోయి ఉంది.

"అమ్మాయ్, మొన్న ఆదివారం నేను తాగింది..."

"ఇదేనండి."

పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి, "మీ మామ్మగారికి ఈ సంగతి తెలుసా?" అన్నారు.

అంతవరకూ నాకా ఆలోచనే రాలేదు. జైలు భయం పోయిన చోటే ఇంకో భయం వచ్చి కూచుంది, దానికంటే రెండింతలు లావుది. పరాయివాళ్ళ నీడ పడితే నీళ్ళు పారబోసే మామ్మ. పిల్లి అడ్డం వస్తేనే వెనక్కి తిరిగొచ్చే మామ్మ. ఏకాదశి నాడు మూడుసార్లు తాగిన మామ్మ. అన్నిటికంటే మించి, రోజూ పొద్దున్నే స్వామికి పెడుతున్న మామ్మ.

నాన్నగారికి చెప్పాను. ఆయన మెట్టుమీద కూచుని చప్పుడు లేకుండా నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. తరవాత మామ్మ గొంతు వినబడగానే మొహం పాలిపోయింది. "అమ్మకి తెలిస్తే కాశీ వెళ్ళి మునిగినా పోదంటుంది తల్లీ" అన్నారు. ముగ్గురం ముందరి అరుగుమీద గుసగుసలాడాం. కొండల్లో ఎలుగుబంట్లొస్తాయన్నా వెళ్ళే రేంజరు గారు, "ఆవిడకి చెప్పే రోజు నేను క్యాంపులో ఉంటాను మాస్టారూ" అన్నారు. చివరికి ఎవరూ చెప్పకూడదనీ, బజారులో పొడి వచ్చేసింది కాబట్టి అది తెచ్చి పెట్టాలనీ తీర్మానమైంది.

మామ్మ ఆ పొడి వాసన చూసి పక్కకి తోసేసింది. "ఈ కాల్చిన కొయ్యపొడి స్వామికి పెట్టను. ఆ కొండ గింజలు ఇంకా సోలెడున్నాయి కదే."

శనివారం పొద్దున్న. చలిగాలి. మామ్మ తడిచీరతో గ్లాసు పటం ముందు పెట్టి, నీళ్ళు తిప్పి, కళ్ళు మూసుకుంది. తీర్మానం నాకు గుర్తుంది. కానీ స్వామి తెరిచిన కళ్ళతో నన్నే చూస్తున్నట్టుంది. ఆవిడ కళ్ళు తెరిచేసరికి నా నోట్లోంచి మొత్తం వచ్చేసింది. పునుగుపిల్లి, పళ్ళు, బండ, అన్నీ. వెనక తలుపు చాటున నాన్నగారు ఊపిరి బిగబట్టడం వినబడింది. గోడవతల రేంజరు గారి రేడియో టక్కున ఆగింది. (ఆయన క్యాంపుకి వెళ్ళలేదు.)

మామ్మ మెల్లగా పీటమీద కూచుంది. గ్లాసుకేసి చూసింది. పటంకేసి చూసింది. తిట్టినా బాగుండును అనిపించింది.

"పునుగుపిల్లేనా? మామూలు పిల్లి కాదు కదా?"

"పునుగుపిల్లే మామ్మా. రేంజరు గారు చెప్పారు."

"తిరపతిలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామి ఒంటికి ఏటి రాస్తారో తెలుసా?"

"తెలియదు."

"పునుగు తైలం. ఆ పిల్లి ఒంట్లోంచి వచ్చేదే. అది లేందే ఆయనకి గడవదు." గ్లాసు కాస్త పటం వైపు జరిపి, "ఆయనకి లేని అసయ్యం నాకేటి" అంది.

నాన్నగారు తలుపు చాటున ఊపిరి వదిలారు. మామ్మ మాత్రం లేచి తిన్నగా బావి దగ్గరికి వెళ్ళి, ఆ చలిలో, ఒకటికి నాలుగు బక్కెట్లు నెత్తిన గుమ్మరించుకుంది.

"అమ్మా, దోషం లేదన్నావు కదా, మళ్ళీ ఈ స్నానం ఎందుకు?" అన్నారు నాన్నగారు.

"ఆయన దేవుడురా. నేను మనిషిని."

తిరిగొచ్చి పటం ముందు నిలబడింది. నైవేద్యం పెట్టినది పారబొయ్యకూడదు. అది ఆవిడ నియమమే, ఎవరూ పెట్టింది కాదు. గ్లాసు తీసి కళ్ళకద్దుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, చివరిదాకా తాగింది. మేమిద్దరం ఆవిడ గొంతు కదలడమే చూస్తున్నాం.

"చల్లారిపోయింది" అంది, గ్లాసు దించి. ఫిర్యాదు అదొక్కటే. "బేగి పాలు పెట్టవే. ఆ ఫారెస్టు నాయన్ని కూడా పిలు, గోడకి చెవులాన్చి చలిలో నిలబడ్డాడు. సంతకి ఆ అప్ప వస్తుంది కదా, ఆవిడకి మాత్రం ఇదంతా చెప్పకు. అమ్మగారి మడి పోయిందని భయపడుద్ది."

ఆ సోలెడు గింజలూ అయిపోయేదాకా స్వామికి పెట్టాం. నాకు ఉద్ధరిణె పోయి చిన్న గ్లాసు వచ్చింది. పెళ్ళికాకుండానే కాఫీ తాగిన ఆడపిల్లని మా వీధిలో నేనే. ఏమాత్రం నల్లబడ్డానో చెప్పడానికి ఇప్పుడు మామ్మ లేదు, నాన్నగారూ లేరు. అలాంటి గింజలకి ఎక్కడెక్కడో పెద్ద ధర పలుకుతోందని ఈమధ్య ఎవరో చెప్పారు. మామ్మ వింటే ధర సంగతి అలా ఉంచి, పసుపునీళ్ళలో కడుగుతున్నారా అని అడిగేది.

ఇప్పుడు నా కాఫీ వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరూ జైలుకి వెళ్ళరు. హాయిగా ఉంది, అందుకు భగవంతుడికి రోజూ దణ్ణం పెడతాను. కానీ ఒక్కోరోజు పొద్దున్న ఈ వరండాలో కూచుంటే, చేతిలో మూటతో ఆ పన్నెండు అడుగులూ లెక్కపెట్టుకుంటూ వెళ్ళే పిల్ల కనిపిస్తుంది. వెనక్కి పిలిచి, భయపడకే, ఏమీ కాదు అని చెబుదామనిపిస్తుంది. చెప్పను. ఆ భయమంతా వాళ్ళ నాన్నగారి కోసమే కదా, ఉంచుకోనీ. తిరిగొచ్చాక మాత్రం పక్కన కూచోబెట్టుకుని, గ్లాసు నిండా పోసి, వేడిగా ఉంది, మెల్లగా తాగు అంటాను.